ప్రభువు వస్తున్నాడని పొలం అమ్ముకోవాలా?

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. రెండెకరాలు సొంత పొలం, ఇంకో రెండెకరాలు కౌలు. పొగాకు వేస్తాం. పొగాకు కాల్చే బ్యారన్‌లో సగం వాటా ఉంది. మా ఆయన మూడేళ్ల కిందట మందు మానేసి ప్రభువులోకి వచ్చారు. అందుకు దేవుణ్ణి ఎంత స్తుతించినా తక్కువే. కానీ ఏడాది నుంచి మా ఊరి సంఘం వదిలేసి టౌన్లో వేరే మందిరానికి వెళ్తున్నారు. అక్కడ ఎప్పుడు చూసినా ప్రభువు రెండో రాకడ గురించే బోధ. ఇశ్రాయేలు యుద్ధాలు, 666 ముద్ర, ఆధార్ కార్డు, ఫోన్లో వచ్చే వీడియోలు. "రెండేళ్లకు మించి లేదు, పొలం అమ్మి సువార్తకు ఇచ్చేద్దాం" అంటున్నారు. ఈ ఏడు నారు కూడా పోయొద్దంటున్నారు. పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, నర్సింగ్ చదవాలని ఆశ. ప్రభువు వచ్చేస్తుంటే చదువెందుకంటారు. చిన్నదానికి పదేళ్లు. మొన్న బడి నుంచి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, నేను బ్యారన్ దగ్గరికి వెళ్లి ఉన్నాను. అమ్మానాన్నల్ని ప్రభువు తీసుకుపోయాడు, నన్ను వదిలేశాడు అనుకొని వీధిలో పడి ఏడ్చింది. రాత్రిళ్లు లేచి నేను ఉన్నానో లేదో తడిమి చూసుకుంటోంది. ఆయనకు ఎదురు చెబితే మళ్లీ తాగుడు మొదలుపెడతారేమోనని నాకు టెన్షన్. ఇంకో మాట, ఎవరికీ చెప్పుకోలేదు. ప్రభువు ఇప్పుడే రావాలని మనసారా ప్రార్థన చేయలేకపోతున్నాను. పిల్లల పెళ్లిళ్లు చూడాలని ఉంది. నాది అవిశ్వాసమా?

సమాధానం:

చెల్లెమ్మా,

ఎవరికీ చెప్పుకోలేదంటూ చివర్లో రాసిన మాటకే ముందు జవాబు చెప్తాను. అది అవిశ్వాసం కాదు. పిల్లల పెళ్లిళ్లు చూడాలనే ఆశను తల్లి మనసులో పెట్టింది దేవుడే. పౌలు అంతటివాడు చెరసాలలో ఉండి ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాస్తూ, వెళ్లిపోయి క్రీస్తుతో ఉండాలని ఒక పక్క, మీకోసం ఇక్కడే ఉండటం ఎక్కువ అవసరమని ఇంకో పక్క, "ఈ రెంటి మధ్యను ఇరుకునబడియున్నాను" అన్నాడు. మీరు పడుతున్నది కూడా అదే ఇరుకు. ఆయన దాన్ని దాచుకోలేదు, సంఘమంతా చదువుకునేలా రాసి పంపాడు. మీరు మాత్రం లోలోపల ఎందుకు కుమిలిపోవాలి? "ప్రభువా, నువ్వు రావాలి. నా పిల్లలు కూడా ఒక దారిన పడాలి" అని రెండూ కలిపే ప్రార్థన చేసుకోండి. ఆయన రెండూ వింటాడు.

తర్వాత చిన్నదాని సంగతి. పొలం కంటే ముందు చూడాల్సింది ఇదే.

ఒంగోలులో చాలాకాలం సండే స్కూల్ పిల్లలకు పాఠాలు చెప్పాను. ఇలా బెదిరిపోయిన పిల్లలు నాకు కొత్త కాదు. ఒక పిల్లాడు వాళ్లమ్మ కనబడకపోతే ఏడవడు. పరుగెత్తుకుంటూ మా వీధి చివర పాస్టరుగారి ఇంటికి వెళ్లి, కిటికీలోంచి పాస్టరమ్మగారు ఉన్నారో లేదో చూసేవాడు. అమ్మగారు కూరగాయలు తరుగుతూ కనబడితే, ఇంకా ఎవరూ పరలోకానికి ఎత్తబడలేదని ధైర్యం తెచ్చుకొని ఇంటికొచ్చేవాడు. ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటిదాకా ఎన్నిసార్లు అలా పరుగెత్తాడో, ఆ చిన్న గుండె ఎంత కొట్టుకుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

మీ పాపను తిట్టొద్దు. "మంచిగా ఉంటే నిన్నూ తీసుకెళ్తాడులే" అని కూడా అనొద్దు. ఆ మాట పిల్లలకు ఓదార్పు కాదు, ఇంకో పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. మార్కు సువార్త పదో అధ్యాయంలో, శిష్యులు అదిలిస్తుంటే యేసు కోపపడి పిల్లల్ని దగ్గరికి రానివ్వమన్నాడు, ఎత్తి కౌగిలించుకున్నాడు. ఆ నాలుగు వచనాలూ పడుకునే ముందు చదివి వినిపించండి. "భయపడకుము, పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను, నీవు నా సొత్తు" అని యెషయాలో ఉన్న మాట నోటికి నేర్పండి. బయటికి వెళ్లేటప్పుడు ఎక్కడికి వెళ్తున్నారో చెప్పి వెళ్లండి. పాప బడిలో ఉంటే పక్కింటివాళ్లకు చెప్పి పెట్టండి. ఆ వీడియోలు పాప ముందు పెట్టొద్దని మీవారికి గట్టిగానే చెప్పండి. రాత్రి ప్రార్థన మాత్రం ఆయన చేతే చేయించండి. భయం నాన్న నోటి నుంచి వచ్చింది, ధైర్యం కూడా ఆ నోటి నుంచి వస్తేనే పాప నమ్ముతుంది. ఇన్ని చేసినా కొన్ని వారాల పాటు నిద్ర పట్టకపోవడం, బడికి వెళ్లనని ఏడవడం ఉంటే డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం తక్కువని ఎవరన్నా పట్టించుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రభువు మళ్లీ వస్తాడా రాడా అన్నది మీ ఇంట్లో తగువు కాదు. వస్తాడు. నేను నిండు మనసుతో నమ్ముతున్నాను. మొదటి శతాబ్దం నుంచి సంఘం చెబుతున్న సంగతి ఇది. రోమన్ కాథలిక్కులు, గూడూరు నాయుడుపేట వైపు లూథరన్లు, మన బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు ఎన్నో విషయాల్లో విడివిడిగా ఉన్నా, క్రీస్తు తిరిగి వస్తాడు, చనిపోయినవాళ్లు లేస్తారు, న్యాయపు తీర్పు ఉంటుంది అన్న చోట అందరూ ఒకటే. మన మందిరాల్లో ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచినప్పుడల్లా "ప్రభువు వచ్చువరకు ఆయన మరణమును ప్రచురించుదురు" అని చదువుతారు కదా. మీరు ఆ రొట్టె తిన్న ప్రతిసారీ రాకడను ఒప్పుకుంటూనే ఉన్నారు. రాకడ నమ్మని ఇల్లు కాదు మీది.

తగువు ఎక్కడంటే, ఆ నమ్మకం మనచేత ఏం చేయించాలి అన్న దగ్గర.

పౌలు రాసిన వాటిలో చాలా పాతవి థెస్సలొనీక ఉత్తరాలు, దాదాపు క్రీ.శ. 50 నాటివి. ఆయన ఆ ఊళ్లో ఎక్కువకాలం ఉండలేకపోయాడు, అల్లరి జరిగి రాత్రికి రాత్రి వెళ్లిపోవలసి వచ్చింది. వెనక మిగిలినవాళ్లు కొత్తగా నమ్మినవాళ్లు. వాళ్లలో కొందరు చనిపోయారు. ప్రభువు వచ్చేలోపే పోయారే, మరి వీళ్ల గతి ఏమిటని బతికున్నవాళ్లకు దిగులు పట్టుకుంది. మనవాళ్లు ఎత్తబడటం గురించి చెప్పినప్పుడల్లా ఎత్తుకునే వచనాలు, మేఘాల మీద కొనిపోబడతామన్నవి, ఆ దిగులుకు రాసిన జవాబు. ముందు లేచేది చనిపోయినవాళ్లే, తర్వాత మనమూ వాళ్లతో కలుస్తాం, ఎవరూ వెనకబడరు అంటాడు. చెప్పి, "కాబట్టి మీరు ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి" అని ముగిస్తాడు. ఏడుస్తున్నవాళ్ల కన్నీళ్లు తుడవమని ఇచ్చిన మాటలవి. వాటితోనే పదేళ్ల పిల్లను ఏడిపిస్తున్నామంటే, ఆ మాటలు పెట్టాల్సిన చోట పెట్టడం లేదన్నమాట.

ఈ ఆదరణ అంటే ఏమిటో చూడాలంటే ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లండి. మన వైపు చాలా పల్లెల్లో ఆ అలవాటు ఉంది. ముందు రోజే గడ్డి పీకి, సమాధులకు సున్నం వేసి, వెలిసిపోయిన అక్షరాల మీద మళ్లీ నల్లరంగు దిద్దుతారు. చీకటితోనే వచ్చి కొవ్వొత్తులు వెలిగించి, చామంతి పూలు పెట్టి పాటలు పాడతారు. చాలా రాళ్ల మీద ఒకే మాట, "ప్రభువునందు నిద్రించెను". కిందటేడు ఒక ముసలామె కొడుకు సమాధి పక్కన చెంగు పరుచుకొని కూర్చుంది. పాట అయిపోయి అందరూ వెళ్తుంటే, రాయి మీద చెయ్యి ఆనించి, "లేస్తావులే నాయనా, ఆయనొచ్చినప్పుడు నాకన్నా ముందు నువ్వే లేస్తావు" అంది. ఆమెకు చదువు రాదు. థెస్సలొనీక పత్రిక ఎవరో చదువుతుంటే విన్నదే. కానీ పౌలు ఏం చెప్పాడో ఆమెకు అర్థమైనట్టు, గంటల తరబడి పటాలు గీసి చెప్పేవాళ్లలో కొందరికి అర్థం కాలేదని నాకనిపిస్తుంది.

అదే సంఘానికి పౌలు రెండో ఉత్తరం కూడా రాయాల్సి వచ్చింది. ఎందుకో తెలుసా? ప్రభువు దినం వచ్చేసిందని ఎవరో చెబితే వాళ్లు కలవరపడ్డారు. కొందరు పని మానేసి తిరుగుతున్నారు. "ఎవడైనను పని చేయనొల్లనియెడల వాడు భోజనము చేయకూడదు" అన్న మాట వచ్చింది అక్కడే. సోమరిపోతుల్ని తిట్టడానికి దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడతారు గాని, అది ఉన్నది రాకడ గురించిన ఉత్తరంలో. మీవారు నారు పోయొద్దన్న సమస్య దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే ఒక సంఘంలో వచ్చింది, దానికి జవాబు కూడా బైబిల్లోనే ఉంది.

"ఒకడు తీసికొనిపోబడును, ఒకడు విడిచిపెట్టబడును" అన్న వచనం మీవారు తప్పకుండా చెప్పే ఉంటారు. మత్తయి ఇరవై నాలుగో అధ్యాయం. ఈసారి చదివినప్పుడు ఒక సంగతి చూడమనండి. ఆ ఇద్దరు మగవాళ్లూ ఎక్కడున్నారు? పొలంలో. ఆ ఇద్దరు ఆడవాళ్లు ఏం చేస్తున్నారు? తిరగలి విసురుతున్నారు. ప్రభువు తన రాకడ గురించి చెప్పేటప్పుడు జనాన్ని చూపించింది పని మధ్యలో. తీసుకోబడినవాడు పొలం అమ్మేశాడనీ విడవబడినవాడు దున్నుతున్నాడనీ లేదు. ఇద్దరి చేతుల్లోనూ ఒకటే పని. అదే అధ్యాయంలో ఇంకాస్త కిందికి వెళ్తే, యజమాని వచ్చేసరికి ఇంటివాళ్లకు వేళకు అన్నం పెడుతూ కనబడిన దాసుడు ధన్యుడు అని ఉంది. ఆ రోజు మీరు పొయ్యి మీద అన్నం పెట్టి బ్యారన్ దగ్గరికి వెళ్లారు. ప్రభువు ఆ ఘడియలో వచ్చి ఉంటే, ఆయన చెప్పిన చోటే మీరు ఉన్నారు.

గుర్తుల గురించి ఎక్కువ చెప్పను. యుద్ధాలు వింటారు అన్న ప్రభువే ఆ వాక్యంలోనే "మీరు కలవరపడకుండ చూచుకొనుడి" అన్నాడు, "అంతము వెంటనే రాదు" అనీ అన్నాడు. 666 ముద్ర సంగతి ప్రకటన పదమూడో అధ్యాయంలో ఉంది. అక్కడ ముద్ర, దేవునికి ఎదురు నిలిచే మృగానికి మొక్కడంతో ముడిపడి ఉంది. ఎవరిని ఆరాధిస్తావు అన్నదే అక్కడి ప్రశ్న. పధ్నాలుగో అధ్యాయం మొదట్లోనే గొర్రెపిల్ల, అంటే క్రీస్తు, వెంట ఉన్నవాళ్ల నొసళ్ల మీద ఆయన పేరూ తండ్రి పేరూ రాసి ఉన్నాయని కనబడుతుంది. రేషన్ కోసం, స్కాలర్‌షిప్ కోసం ఇచ్చే కార్డుకూ దానికీ సంబంధం లేదు. పిల్లల ఆధార్ జోలికి ఎవర్నీ పోనివ్వకండి.

అంతానికి ముందు వచ్చే శ్రమల కాలం కంటే ముందే విశ్వాసులు రహస్యంగా ఎత్తబడతారన్న బోధ గురించి మాత్రం ఒక మాట తెలుసుకోవడం మంచిది. 1830ల నుంచి జాన్ నెల్సన్ డార్బీ అనే బ్రదరన్ సంఘపు బోధకుడి ద్వారా అది బాగా పాకింది. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు దాన్ని ఎన్నో దేశాల సంఘాలకు చేర్చింది. అలా నమ్మేవాళ్లలో వాక్యాన్ని ప్రాణంగా చూసుకునే భక్తుల్ని నేనెరుగుదును, వాళ్లను తక్కువ చేసి మాట్లాడను. కానీ అలా కాక, ప్రభువు ఒక్కసారే అందరికీ కనబడేలా వస్తాడని నమ్మేవాళ్లు సంఘ చరిత్ర అంతటా ఉన్నారు, ఇప్పుడూ చాలామంది ఉన్నారు. ఇందులో ఏది సరి అన్న దాని మీద మీ ఇల్లు విడిపోకూడదు. మీవారు ఎత్తబడటాన్ని నమ్మనివ్వండి, అభ్యంతరం లేదు. కానీ "రెండేళ్లు" అన్న మాట మాత్రం ఒప్పుకోవద్దు. ఆ దినమూ ఆ గడియా తండ్రికే తెలుసు, దూతలకూ తెలియదు, కుమారుడికీ తెలియదు అని యేసే చెప్పాడు. పరలోకానికి వెళ్లేముందు శిష్యులు అడిగితే, కాలాలూ సమయాలూ తెలుసుకోవడం మీ పని కాదన్నాడు. ఇంత సూటిగా చెప్పాక, రోజు చెప్పలేదు సంవత్సరమే చెప్పాం అనడం మాట తప్పించుకోవడమే.

గడువు పెట్టినవాళ్ల కథ ఎలా ముగుస్తుందో అమెరికాలో చూశారు. విలియం మిల్లర్ అనే రైతు, మన బాప్టిస్టు బోధకుడే, దానియేలు లెక్కలు కట్టి 1843, 1844 మధ్యలో ప్రభువు వస్తాడన్నాడు. చివరికి ఆయన వెంట ఉన్నవాళ్లు 1844 అక్టోబరు 22 అని తేదీ ఖాయం చేశారు. కొందరు రైతులు చేతికొచ్చిన పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. ఆ రాత్రి గడిచింది, తెల్లవారింది. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, ప్రభువును ప్రేమించినవాళ్లే. అందుకే ఆ దెబ్బ అంత గట్టిగా తగిలింది. 2011 మే 21 అని రేడియోలో చెప్పిన హెరాల్డ్ క్యాంపింగ్ కూడా మరుసటి ఏడాది అలా చెప్పడం పాపమని ఒప్పుకున్నాడు. అప్పటికే కొందరు దాచుకున్న డబ్బంతా ఆ ప్రచారానికి పోసేశారు.

మన జిల్లాల సంగతి వేరేగా ఉంది, అది మీవారికి తప్పకుండా చెప్పండి. 1876 నుంచి 1878 దాకా ఇక్కడ పెద్ద కరువు. ధాత, ఈశ్వర నామ సంవత్సరాలు. జనం ఎక్కడివాళ్లక్కడ రాలిపోయారు. యుగాంతం వచ్చేసిందని చెప్పి భయపెట్టి సంఘాన్ని నింపుకోవాలంటే అంతకంటే తేలికైన కాలం ఉండదు. ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు ఏం చేశారో తెలుసా? బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చినవాళ్లకు పలుగూ పారా ఇచ్చి కూలి ఇప్పించారు. పని మధ్యలో బోధకులు వాళ్ల పక్కన కూర్చొని, ప్రయాసపడి భారం మోసేవారలారా నా దగ్గరికి రండి అన్న ప్రభువు మాట చెప్పేవారు. బాప్తిస్మం అడిగినవాళ్లు వేలల్లో ఉన్నా, కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. కూడు కోసమో, భయం వల్లో నమ్మారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మీ సంఘంలో ఎవరి ముత్తాతో ఆ నీళ్లలో దిగే ఉంటాడు. క్లౌ కూడా ప్రభువు వస్తాడని నమ్మిన బాప్టిస్టే. ఆకలి, భయం ఉన్నప్పుడు పని ఇచ్చి, అవి తీరాక విశ్వాసం అడిగారు. మీవారు వెళ్తున్న చోట ముందు భయం పెట్టి, ఆ వెంటనే పొలం మాట ఎత్తుతున్నారు. ఈ తేడాను నేను చిన్న తేడాగా చూడలేను.

రాకడ అనగానే పేదవాళ్లకు ఇంకో సంగతి గుర్తుకు రావాలి. యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో, చేలు కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోంది, ఆ మొర ప్రభువు చెవిన పడింది అని ఉంటుంది. బావి దగ్గరికి రానివ్వని ఊళ్లలో, చెప్పిన కూలి చేతిలో పెట్టని కాలంలో మన పెద్దలు ఆ మాట విన్నారు. తీర్పు తీర్చేవాడు వస్తాడంటే వాళ్లకు భయం కలగలేదు, ప్రాణం లేచి వచ్చింది. ఈ లోకంలో జరిగిన అన్యాయానికి లెక్క అడిగేవాడు ఒకడున్నాడన్నమాట. ఆయన కన్నీళ్లు తుడుస్తాడు, మరణం ఇక ఉండదు అన్నది ఆ నిరీక్షణే. మీవారి గుండెలో కూడా అడుగున ఈ ఆశే ఉండి ఉంటుంది. దాన్ని పట్టుకొని మాట్లాడండి.

ఆ కూలి మాట అయిన వెంటనే యాకోబు, ప్రభువు రాకడ వరకు ఓపిక పట్టండి అని చెప్పి ఎవర్ని చూపించాడో చదివించండి. రైతును. తొలకరి వాన, కడవరి వాన పడేదాకా పంట కోసం ఓపికతో కాచుకునే వ్యవసాయదారుణ్ణి. రాకడ కోసం ఎలా కనిపెట్టాలో నేర్పడానికి దేవుడు మీవారి వృత్తినే ఎంచుకుంటే, ఆ వృత్తి మానేయడమే విశ్వాసమని ఎవరో ఆయనకు చెప్పారు. విత్తనం చల్లకుండా వాన కోసం చూసే రైతు ఎక్కడైనా ఉంటాడా?

పొలం విషయంలో ఇంకో రెండు చోట్లు ఉన్నాయి. యిర్మీయా ముప్పై రెండో అధ్యాయం. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది, ఊరు పడిపోతుందని ప్రవక్తే చెబుతున్నాడు. అలాంటి సమయంలో దేవుడు ఆయనతో అనాతోతులో పొలం కొనమన్నాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షులతో సంతకాలు పెట్టించి, ఆ క్రయపత్రాలు చాలాకాలం చెడిపోకుండా మట్టికుండలో పెట్టించాడు. అంతం దగ్గర పడ్డ ఊళ్లో పొలం కొనిపించిన దేవుడు ఆయన. రెండోది అపొస్తలుల కార్యాల ఐదో అధ్యాయం. పొలం అమ్మి అబద్ధమాడిన అననీయతో పేతురు, "అది నీయొద్ద నున్నపుడు నీదే గదా?" అంటాడు. ఉంచుకున్నా తప్పు లేదన్నమాట. అపొస్తలుడే బలవంతం చేయనప్పుడు ఇంకెవరు చేస్తారు? ఇవ్వాలని మీవారికి ఉంటే పంట అమ్మిన డబ్బులోంచి ఇవ్వమనండి, సంతోషంగా ఇవ్వండి. పిల్లల నోటికాడి నేల అమ్మి ఇవ్వడాన్ని మాత్రం తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయం ఎనిమిదో వచనం పక్కన పెట్టి చూసుకోమనండి. తన ఇంటివాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని అక్కడ ఉంది.

ఇక ఎలా మాట్లాడాలో. కూడిక నుంచి వచ్చిన రాత్రి వద్దు, మనసు వేడి మీద ఉంటుంది. పొలం నుంచి వచ్చి, అన్నం తిని, తీరిగ్గా ఉన్న పూట చూసుకోండి. ముందు ఆయన మారినందుకు మీకెంత సంతోషమో చెప్పండి. మగవాళ్లకు ఆ మాట ఇంట్లో ఎవరూ చెప్పరు. తర్వాత, "మనిద్దరం కలిసి థెస్సలొనీక ఉత్తరాలు రెండూ మొదటి నుంచి చివరి దాకా చదువుదాం" అనండి. రెండూ కలిపి ఎనిమిది అధ్యాయాలు, అన్నీ చిన్నవే, ఒక్క కూర్చోవడంలో అయిపోతాయి. వీడియోలో ఒక్కో వచనం ముక్కలుగా విన్న మనిషికి ఉత్తరం మొత్తం చదివితే తేడా తెలుస్తుంది. మీరు వాదించకండి, చదివిన మాటనే పని చేయనివ్వండి.

ఆ తర్వాత ఒక్కటే అడగండి. ఈ పంట వేలం అయ్యేదాకా పొలం మీద ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోవద్దు, అగ్రిమెంటు రాయొద్దు. ఒప్పుకుంటే ఆ మాట మీ అత్తమామల ముందో, ఆయన మాట వినే అన్నదమ్ముల ముందో ఇంకోసారి అనిపించండి. పట్టాదారు పాసుపుస్తకం, రిజిస్ట్రేషన్ కాగితాలు ఇంట్లోనే ఉండాలి. మందిరం వాళ్లకు చూపించడానికని కూడా బయటికి పోకూడదు. మీ ఊరి సంఘం అయ్యగారిని ఒకసారి భోజనానికి పిలవండి. నచ్చజెప్పడానికి పిలిచినట్టు ఉండకూడదు, మామూలుగా వచ్చి ప్రార్థన చేసి వెళ్లేలా చూడండి. వదిలేసిన సంఘంతో మళ్లీ మాట కలవడమే ముందు కావాలి.

తాగుడు గురించి మీ భయం నాకు అర్థమైంది. దాని మీద మీరు ఇంకో వైపు నుంచి కూడా ఆలోచించాలి. మీవారు మూడేళ్లుగా నిలబడ్డారు, అది గొప్ప సంగతి. కానీ ఇప్పుడాయన బరువంతా ఆ రెండేళ్ల గడువు మీద వేసి నిలబడుతున్నారు. గడువు దాటి, ప్రభువు రాక, పొలమూ పోయి ఉంటే ఆ రోజు ఆయన దేన్ని పట్టుకుంటారు? నన్నడిగితే ప్రమాదం అప్పుడుంది. మీరు ఇవాళ నెమ్మదిగా నిజం మాట్లాడటంలో లేదు. ఒకవేళ జారిపోయినా అది మీ వల్ల జరిగిందని నెత్తిన వేసుకోకండి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన ప్రాంతంలో ఉన్నారు మీరు. మొగుడు తాగుతాడేమోనన్న భయంతో నోరు కట్టేసుకున్నవాళ్లయితే వాళ్లు సారా కొట్ల ముందు నిలబడేవాళ్లా?

పెద్దమ్మాయి చదువు దగ్గర మాత్రం సర్దుకుపోవద్దు. పొలం అమ్మకం వాయిదా వేయొచ్చు, అడ్మిషన్ గడువు వాయిదా పడదు. ఒంగోలులో క్లౌ మెమోరియల్ ఆసుపత్రిని, నెల్లూరులో ఆడవాళ్ల కోసం మిషన్ ఆసుపత్రిని నడిపినవాళ్లంతా ప్రభువు వస్తాడని నమ్మినవాళ్లే. ఎలాగూ వస్తున్నాడు కదా అని వాళ్లు ఆసుపత్రి కట్టడం మానలేదు. రోగినైయుంటిని నన్ను చూడవచ్చితిరి అని ఆయన సింహాసనం మీద కూర్చొని చెప్పబోయే మాట మత్తయి ఇరవై ఐదులో ఉంది. ఆ మాట చదివాక నర్సు కావాలనుకునే పిల్లను ఆపలేం. మీరు పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లి తెచ్చే కూలి, డ్వాక్రా పొదుపు మీ చేతిలోనివే. ఫీజుకు వాటిలోంచి తీసి పెట్టండి, దాచిపెట్టి కాదు, మీవారికి చెప్పే. అప్లికేషన్ ఎప్పుడు పెట్టాలి, ఫీజు రాయితీకి కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఏవి కావాలి అన్నవి కాలేజీలో అడిగి ఇప్పుడే సిద్ధం చేయించండి. చివర్లో మీసేవ చుట్టూ తిరగాల్సి వస్తే ఆ పేరుతోనే వద్దనేస్తారు.

థెస్సలొనీక ఉత్తరాలు కలిసి చదివాక మీవారు ఏమన్నారో నాకు మళ్లీ రాయండి. ఆయనే రాస్తానంటే ఇంకా మంచిది. ఆయన అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంత వరకు జవాబు చెప్తాను.